నల్ల యాపిల్‌కి సంక్రాంతి దాటాలి

మొదటిసారి ఆ కాయ కొరికినప్పుడు పన్ను కదిలిందనే అనుకున్నాను.

2008 అక్టోబరు. మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు నుంచి బెంటన్‌విల్ వచ్చి అప్పటికి మూడు నెలలు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూల ఉన్న ఊరు. (స్పెల్లింగు చూస్తే ఆర్కన్సాస్. చివరి అక్షరం పలకరని తెలియడానికి నాకు నెల పట్టింది.) వాల్‌మార్ట్ హెడ్డాఫీసు అక్కడే కాబట్టి మనవాళ్లు బాగానే ఉన్నారు గానీ, మేం అద్దెకి దిగిన ఇల్లు ఊరి చివర. నాకు పని చేసుకునే వీసా లేదు, కారు నడపడం రాదు, పైగా ఏడో నెల. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కిటికీలోంచి పక్కింటి పెరడు చూడడమే నా ఉద్యోగం.

ఆ పెరట్లో మూడు యాపిల్ చెట్లుండేవి. రెండింటికి ముదురు రంగు కాయలు, ఒకదానికి పసుపువి. పసుపువి సెప్టెంబరులోనే కోసేశారు. ముదురువి మాత్రం అలాగే వేలాడుతుంటే, పెద్దావిడ కదా, కోసుకునే ఓపిక లేదేమో పాపం అనుకునేదాన్ని. ఓరోజు ఆవిడే కంచె మీంచి ఖాకీ రంగు కాగితం సంచీ అందించింది. ఎనభై దాటిన మనిషి, చేతులు మాత్రం మా ఊళ్లో వరి కోసే వాళ్ల చేతుల్లా ఉన్నాయి. "మా చెట్టువే, ఇవాళే కోశాను" అంది. ఇంకా ఏదో చెప్పింది. ఆ ఓజార్క్ కొండల యాస నాకు అప్పటికి సగమే అర్థమయ్యేది. నవ్వి, తలూపి, లోపలికి వచ్చేశాను. అర్థం కాని ఆ సగంలోనే అసలు సంగతంతా ఉంది.

సంచీలో పాతిక కాయలు. అలాంటి రంగు యాపిల్ నేను అంతకు ముందు చూడలేదు. ఎండ తగిలిన వైపు ఇంచుమించు నలుపు, అల్లనేరేడు పండు పూర్తిగా నల్లబడే ముందు రోజు ఉండే రంగు. ఆకు నీడ పడిన చోట ముదురు ఎరుపు, తొడిమ గుంటలో కాస్త పచ్చదనం. చూస్తే కళ్లు తిప్పుకోలేం. కొరికితే రాయి. తొక్క తోలంత మందం, లోపల పసుపు తిరిగిన బిగుతైన కండ, ఒక పులుపు. ఆ పులుపు వెనక ఇంకే రుచీ లేదు. కడుపుతో ఉన్నాను కదా, పులుపంటే ప్రాణం లేచొచ్చే రోజులు, అయినా రెండో ముక్క మింగలేకపోయాను. మా ఆయన కాయ చేత్తో పట్టుకుని సీము బౌలింగు వేస్తున్నట్టు వేళ్లు సర్ది చూపించాడు.

మామిడికాయ పప్పులా వండితే సరిపోతుందని రెండు కాయలు పప్పులో వేశాను. కందిపప్పు మెత్తగా ఉడికి ముద్దయినా ముక్కలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇక లాభం లేదని పన్నెండు కాయలు చెత్తబుట్టలో వేసేశాను. పైన కూరగాయల తొక్కులు కప్పాను, ఆవిడ కంట పడకుండా. మిగతావి మర్నాడు పారేద్దామని సంచీతోపాటు గరాజులో పెట్టాను, పక్క రాష్ట్రంలోని టల్సా ఊరు వెళ్లినప్పుడు తెచ్చుకున్న సోనా మసూరి బస్తా పక్కన. మర్చిపోయాను.

నవంబరు మొదట్లో పురుడు పొయ్యడానికి అమ్మ వచ్చింది. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. వచ్చిన మూడో రోజు బియ్యం తేవడానికి గరాజులోకి వెళ్లి, ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"ఏమే, అక్కడ పళ్లు మగ్గేశావుటే?"

"మగ్గెయ్యడమేంటమ్మా. పనికిరానివవి. పారెయ్యాలి."

అమ్మ ఒక కాయ తెచ్చి సింకు దగ్గర నిలబడింది. చెవి దగ్గర పెట్టుకుని గోటితో టక్కున మీటింది. తొడిమ దగ్గర ముక్కు ఆనించి వాసన చూసింది. మళ్లీ మీటింది. వేసవిలో మా తాతగారింట్లో కలెక్టరు కాయలు, రసాలు ఎండుగడ్డిలో పరిచి గది తలుపు వేసేవారు. రోజు విడిచి రోజు లోపలికి వెళ్లి కాయల్ని తిరగేసే పని అమ్మది, ఎనిమిదేళ్ల వయసు నుంచి. చేత్తో నొక్కితే ఊరుకునేవారు కాదట, నొక్కిన చోట కమిలిపోతుందని. గోటితో మీటి చప్పుడు వినాలి, ముచికె దగ్గర వాసన చూడాలి, అంతే. ఆ పద్ధతి ఇప్పుడు మా వంటింట్లో యాపిల్ మీద పెట్టింది.

"ఇది పాడైన కాయ కాదే పిచ్చిదానా. పండని కాయ. దీనికి టైముంది."

ఆవకాయ, మాగాయ సీసాలకి చుట్టి తెచ్చిన తెలుగు పేపర్లు ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి. నూనె మరకలు లేనివి ఏరి, చింపి, కాయ కాయకీ విడివిడిగా చుట్టింది. ఒకదాన్నొకటి తగలకూడదట, ఒకటి కుళ్లితే గంపంతా పోతుందట. పదకొండు కాయలు, పదకొండు పొట్లాలు. ఒక పొట్లం మీద మా జిల్లా పేజీ, కాలవకి నీళ్లు వదల్లేదని రైతుల ధర్నా. అట్టపెట్టెలో సర్ది గరాజు తలుపు దగ్గర, అన్నిటికన్నా చల్లగా ఉండే మూల పెట్టింది.

తరవాతి వారం నన్ను దుబాసీగా పెట్టుకుని పక్కింటికి వెళ్లింది. మొదటి రోజు నుంచీ ఆవిణ్ని అమ్మ "మామ్మగారు" అనే పిలిచింది, ఆవిడా పలికేది. అప్పుడు బయటపడింది నేను వినని సగం. థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో వాళ్ల పండగ) లోపు ఈ కాయల జోలికి పోవద్దని, క్రిస్మస్ దాటాక తింటే ఇంకా మంచిదని ఆవిడ చెప్పింది, నేను తలూపాను. అమ్మ ఆ క్రిస్మస్‌ని తన లెక్కలోకి మార్చుకుంది. "అంటే సంక్రాంతి దాటాలన్నమాట." చెత్తబుట్టలో వేసిన పన్నెండు కాయల సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. పదిహేడేళ్ల తరవాత ఇదిగో, ఇక్కడే మొదటిసారి.

ఆ కాయ పేరు ఆర్కన్సా బ్లాక్. ఆ ఊరిదే. 1870 ప్రాంతంలో బెంటన్‌విల్ పక్కనే బ్రాట్‌వెయిట్ అనే ఆయన తోటలో మొదట కాసిందని చెప్తారు. వైన్‌సాప్ అనే పాత రకం గింజ ఎక్కడో పడి మొలిచి ఉంటుందని అంచనా. మామ్మగారి చిన్నతనానికే అక్కడ యాపిల్ అంటే బంగారం అన్న రోజులు అయిపోవస్తున్నాయి. అంతకు ముందు, 1901లో యాపిల్ పువ్వుని రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నారు, ఇప్పటికీ అదే. 1919లో బెంటన్, వాషింగ్టన్ అనే అక్కడి రెండు కౌంటీల్లోనే, అంటే మన జిల్లాల్లాంటివాటిలోనే, యాభై లక్షల బుషెళ్లు పండాయి. బుషెల్ అంటే యాపిల్స్‌లో దాదాపు పంతొమ్మిది కిలోలు. మంచివి రైలెక్కేవి, దెబ్బ తిన్నవి ముక్కలు కోసి ఎండబెట్టే షెడ్లకి, అక్కడా పనికిరానివి వెనిగర్ ఫ్యాక్టరీకి. ఎక్కువ తోటలు బెన్ డేవిస్ అనే రకానివట. రైల్లో ఎన్నాళ్లయినా చెక్కు చెదరదు, తింటే దూది నమిలినట్టుంటుంది. నల్లవి తక్కువే వేసేవారు.

"బెన్ డేవిస్ అమ్ముకోవడానికి, ఇవి ఇంట్లోకి" అంది మామ్మగారు. ఆ మాట అమ్మకి అనువదించే పని కూడా పడలేదు. "మనం సన్నాలు ఇంట్లోకి ఉంచుకుని దొడ్డువి మిల్లుకి తోలినట్టు" అనేసింది అమ్మ, ఆవిడ మొహం చూసే.

తరవాత పురుగు పడింది. కాయలోకి తొలుచుకుపోయే కాడ్లింగ్ చిమ్మట. దానికి సీసం, ఆర్సెనిక్ కలిసిన మందు కొట్టేవారు, ఏటేటా ఎక్కువసార్లు. మందు ఖర్చు పెరిగింది, ఆర్థిక మాంద్యంలో కాయ ధర పడింది, కరువు వచ్చింది. మామ్మగారి నాన్న ఇరవై ఎకరాల తోట కొట్టేసి కోళ్ల షెడ్లు వేశాడు. ఆ ప్రాంతమంతా అదే దారి పట్టింది, ఇప్పుడు అక్కడ కోళ్లే పెద్ద వ్యాపారం. పెరట్లో ఆ మూడు చెట్లు మాత్రం వాళ్లమ్మ కొట్టనివ్వలేదట.

నాకనిపించేది ఏమిటంటే, పురుగూ కరువూ లేకపోయినా ఈ కాయకి పని తప్పేదే. చలికాలం యాపిల్ అనేది ఒక ఉద్యోగం. కరెంటు లేని రోజుల్లో, నవంబరు నుంచి మార్చి దాకా చెట్టు మీద ఆకు కూడా ఉండని చోట, నేలమాళిగలో కూచుని ఇంటిల్లిపాదికీ పండు అందించాలి. అందుకే కోసే రోజుకి రాయిలా ఉంటుంది. ఆ తరవాత చల్లటి గదులొచ్చాయి, గదిలో ఆక్సిజన్ తగ్గించి కాయని నిద్రపుచ్చే పద్ధతి వచ్చింది, ఏ యాపిల్‌నైనా పది నెలలు ఆపగలుగుతున్నారు. ఇక తనంతట తాను నిలవుండే కాయ ఎవరికి కావాలి? ఇప్పుడు పాత రకాల మీద మోజు పెరిగి అక్కడి సంతల్లో ఈ నల్లకాయలు మళ్లీ కనిపిస్తున్నాయి, సంతోషమే. కానీ అక్టోబరులో కోసి, అక్టోబరులోనే అమ్మేస్తారు. కొన్నవాడు ఇంటికెళ్లి కొరికి, నాలాగే తిట్టుకుంటాడు.

డిసెంబరు రెండో వారంలో బాబు పుట్టాడు. పెట్టె సంగతి నాకు గుర్తే లేదు. అమ్మ మాత్రం వారానికోసారి పొట్లాలు విప్పి చూసేది. ఒకరోజు అనుమానంగా వచ్చింది. "మామ్మగారు వీటికి మైనం పూశారే. చెయ్యంతా జిడ్డు." నిజంగానే, నూనె చేత్తో ముట్టుకున్నట్టుంది తొక్క. రంగు ఇంకా నల్లబడింది. పూసింది ఎవరూ కాదు, నిలవున్న కొద్దీ ఆ కాయే తన ఒంటికి మైనం పట్టించుకుంటుంది. లోపలి తడి బయటికి పోనివ్వదు కాబట్టి వడలదు. లోపల మాత్రం ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. దాచుకున్న పిండి చక్కెరవుతుంది, పులుపు కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది, కండ బిగువు సడలుతుంది. మామిడికి వారంలో జరిగేది దీనికి మూడు నెలలు.

జనవరి చివర్లో, 2009లో, ఆ గడ్డకట్టే వాన వచ్చింది. అప్పుడు ఉత్తర ఆర్కన్సాలో ఉన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. పడేది వానే, కానీ కొమ్మని తాకిన క్షణంలో గాజైపోయేది. తీగలు, కంచెలు, గడ్డిపోచలు, అన్నిటికీ అంగుళం మందం అద్దం తొడుగు. అర్ధరాత్రి నుంచి చెట్లు విరగడం మొదలైంది. ఒక్కో కొమ్మా తుపాకీ పేలినట్టు చప్పుడు. కరెంటు పోయింది. మా ఇంట్లో హీటరూ కరెంటుదే, పొయ్యీ కరెంటుదే, ఏడు వారాల పసివాడు.

తెల్లవారకుండానే మామ్మగారు లాంతరు పట్టుకుని మా తలుపు కొట్టింది. ఆ జారుడు నేల మీద, ఆ వయసులో, బూట్లకి గోనెపట్టా చుట్టుకుని వచ్చింది. వాళ్లింట్లో కట్టెల పొయ్యి ఉంది. ఆరు రోజులు అక్కడే ఉన్నాం.

మొదటి రాత్రి ఆవిడ నేలమాళిగలోకి దిగి (సుడిగాలి వచ్చినా దాక్కునేది అందులోనే) నాలుగు నల్లకాయలు తెచ్చింది. పొయ్యి పక్కన కూచుని, మడత చాకుతో పల్చటి చెక్క కోసి, కత్తి మీదే పెట్టి అమ్మకి చాచింది. అంతకు ముందే ఒక చెక్క అదే కత్తి మీంచి ఆవిడ నోట్లో వేసుకుంది. అమ్మ నావైపు చూసింది. ఎంగిలి. ఆ చూపు నాకు తెలుసు. మా ఇంట్లో నీళ్ల గ్లాసు కూడా ఎత్తి పోసుకుని తాగాలి. ఒక్క నిమిషం ఆ కత్తి అలాగే గాల్లో ఉంది. తరవాత అమ్మ ఆ చెక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఇదా నువ్వు పారేస్తానన్నది?" అంది.

నేను తిన్నాను. అదే కాయ అంటే నమ్మలేం. తొక్క ఇంకా పంటికి అడ్డం తగులుతూనే ఉంది, కండ మాత్రం పటుక్కున విరిగి రసం కారింది. పులుపు పూర్తిగా పోలేదు, తీపికి కింద పరిచిన చాపలా ఉంది. చివర్న ఒక వాసన, ధనియాలు అరచేతిలో నలిపితే వస్తుందే, అలాంటిది, కాస్త దాల్చినచెక్క కలిసినట్టు. ఆ వాసన అక్టోబరులో ఎక్కడుందో తెలీదు. మర్నాడు అమ్మ మా ఇంట్లోంచి పదకొండు పొట్లాలూ తెప్పించింది. రెండు కాయలు చక్రాలుగా కోసి, ఇనప పెనం మీద నెయ్యి వేసి ఎర్రగా వేయించింది. ముక్క చితకలేదు. పురిటాలు తినొచ్చా అని తనే అడిగి, తనే తినొచ్చని తేల్చింది.

వాన వెలిశాక పెరట్లోకి వెళ్లి చూస్తే పసుపుకాయల చెట్టు మొదలంటా చీలిపోయి ఉంది. నల్లవాటిలో ఒకటి సగానికి విరిగింది. మామ్మగారు ఏడుస్తుందేమో అనుకున్నాం. ఆవిడ చాకు తీసి, విరిగిపడిన కొమ్మల్లో పోయినేడు వేసిన రెమ్మలు, పెన్సిలంత లావువి ఏరి ఏరి కోసింది. తడి కాగితంలో చుట్టి, సంచీలో వేసి, కరెంటొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టమని నాకిచ్చింది, తన ఫ్రిజ్‌లో ఎప్పుడూ యాపిల్స్ ఉంటాయని. పళ్ల నుంచి వచ్చే వాయువు తగిలితే ఆ మొగ్గలు చచ్చిపోతాయట. అరటిపళ్లని మగ్గబెట్టే ఇథిలీనే అది.

అమ్మకిది మింగుడు పడలేదు. "కోసిన కర్ర రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంటే ఎండిపోదూ?" మా ఊరికి కడియం ఎంతో దూరం కాదు. అంటు కట్టడం అంటే అమ్మకి తెలిసింది అక్కడి మామిడి అంటు. కుండీలో టెంక మొక్కని తల్లిచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, కొమ్మకి ఆనించి కట్టి, రెండూ అతుక్కున్నాక అప్పుడు కోస్తారు. తల్లిని విడిచిన కొమ్మ ఒక్క రోజు బతుకుతుందన్నా నమ్మే మనిషి కాదు.

ఆ ఏడు విరోధి నామ ఉగాది మార్చి 27న, శుక్రవారం. నల్లకాయలు మూడు మిగిలాయి గానీ వాటిలో పులుపెక్కడిది? పచ్చడిలోకి మామిడి బదులు పుల్లటి పచ్చ యాపిల్, గ్రానీ స్మిత్, కొనాల్సొచ్చింది. మర్నాడే మామ్మగారు అంటు కట్టింది. పోస్టులో తెప్పించిన, వేళ్లున్న యాపిల్ మొక్కని ఏటవాలుగా కోసింది, రెమ్మనీ అదే వాలున కోసింది, రెండింట్లోనూ నాలుకలా చిన్న చీలిక పెట్టి ఒకదాన్లోకి ఒకటి జొనిపింది. బెరడు కింద పచ్చటి పొర ఒకదాన్నొకటి తాకాలి, కిటుకంతా అదే. పట్టీ చుట్టి, పైన మైనం. అమ్మ ముక్కు మీద వేలేసుకుని చూసింది. ఏప్రిల్లో మొగ్గ విచ్చుకున్న రోజున, "ఫ్రిజ్‌లోంచి లేచొచ్చిందే" అంటూ ఫోన్లో ఊరంతటికీ చెప్పింది. తరవాతి వారమే తన విమానం.

ఆ మొక్కని కుండీతో సహా మేం కొనుక్కున్న ఇంటికి తీసుకెళ్లి నాటాం. 2014 నుంచి పువ్వు పూసింది. తెల్లగా, గులాబి అంచుతో, చెట్టు నిండా. ఒక్క కాయ లేదు. ఆ మరుసటేడూ అంతే. అప్పుడు అర్థమైంది ఆ పసుపు చెట్టు అక్కడెందుకుందో. ఈ నల్లదాని పుప్పొడి దేనికీ పనికిరాదు, తన పువ్వుకి తనది అసలే పనికిరాదు. పక్కన వేరే రకం ఉండి, తేనెటీగ మోసుకొస్తేనే కాయ. అడుగుదామంటే మామ్మగారు అప్పటికి లేరు. ఆ స్థలంలో ఇప్పుడు రెండు వరసల ఇళ్లు. 2000లో ఇరవై వేలు కూడా లేని ఊరు 2020 నాటికి యాభై నాలుగు వేలు దాటింది, అందరికీ ఇళ్లు కావాలి మరి. మిగిలిన నల్లచెట్టు ఏమైందో చూడ్డానికి నేను వెళ్లలేదు.

గోల్డెన్ డెలీషియస్ అనే పసుపు యాపిల్ మొక్క ఒకటి తెచ్చి పక్కన వేశాను. దానికి వసంతంలో ఆకుల మీద నారింజ రంగు తుప్పు మచ్చలు, చుట్టూ ఉన్న సెడార్ చెట్ల నుంచి వచ్చే తెగులు. నల్లదానికి ఆ బాధ అంతగా ఉండదు. 2018లో మొదటి కాపు, ఏడు కాయలు. ఇప్పుడు రెండు పెట్టెలు నిండుతున్నాయి. చుట్టడానికి తెలుగు పేపర్లు లేవు, వారం వారం పోస్టులో వచ్చి పడే సేల్ కాగితాలే దిక్కు.

అమ్మకి మోకాళ్లు. ఇక ఇంత దూరం రాలేదు. అక్టోబరు రాగానే "నల్లకాయలు కోశారా?" అని మాత్రం మర్చిపోకుండా అడుగుతుంది. మా వాడికి పదహారు నిండాయి, వాడికీ నా తొందరే. పోయిన క్రిస్మస్ సెలవుల్లో వీడియో కాల్‌లో ఉండగా పెట్టెలోంచి ఒక పొట్లం విప్పి, "తినెయ్యొచ్చా అమ్మమ్మా?" అని కాయని కెమెరా ముందు ఊపాడు. చూపించడం కాదు, ఫోను దగ్గర పెట్టి గోటితో మీటమంది. మీటాడు. ఇంకోసారి అంది. ఇంకోసారి మీటాడు. అటువైపు ఫ్యాను చప్పుడు అడ్డం వస్తోందని లేచి ఫ్యాను ఆపి, మళ్లీ మీటించి, ఫోను చెవికి ఆనించుకుని వింది. తెరంతా ఆవిడ చెవి, బుట్టకమ్మ.

"ఇంకా టక్ మంటోందిరా. పెట్టెలో పెట్టెయ్. సంక్రాంతి దాటనీ."